గాలికి వదిలిన గోడలు

అందరికీ నమస్కారం.

ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ నుంచి వలాన్స్ వైపు ఇజేర్ నది లోయ వెంట వెళుతుంటే, అక్రోటు (వాల్‌నట్) తోటల మధ్య పొడవాటి చెక్క కొట్టాలు కనబడతాయి. దూరం నుంచి చూస్తే గోడలు కట్టడం సగంలో ఆపేశారేమో అనిపిస్తుంది. అవి అక్రోట్లు ఆరబెట్టే కొట్టాలు. వాటి గోడలు అలా ఉండబట్టే ఆ లోయ పంట నిలిచింది.

అక్కడ అక్రోట్లు రాలేది సెప్టెంబరు చివరా, అక్టోబరులోనూ. వానలు, పొగమంచు ముసిరే రోజులవి. పప్పులో 60 శాతానికి పైగా నూనే. తడి కాయల్ని కుప్పపోస్తే బూజు పడుతుంది. పోనీ, మంట పెట్టి తొందరగా ఆరబెడదామా అంటే, వేడి 43 డిగ్రీలు దాటితే నూనె చెడి పప్పు ముక్కిపోతుంది. ఎండను నమ్ముకోలేరు, మంటతో ప్రమాదం. ఇక మిగిలింది గాలే.

జంగారెడ్డిగూడెం వైపు వర్జీనియా పొగాకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లు చూసినవాళ్లకి ఇదంతా తలకిందులుగా తోస్తుంది. బ్యారన్‌లో వేడి వృథాగా పోకుండా గోడలు బిగించి కడతారు. ఇక్కడ గోడంటే వరసగా కొట్టిన చెక్క బద్దలు, బద్దకీ బద్దకీ మధ్య సందు. వాన జల్లు లోపలికి కొట్టకుండా చూరు బాగా ముందుకు దించుతారు. అటకల నేల కూడా బద్దలదే. కాయల్ని దానిమీద పలచగా పరిస్తే గాలి కింద నుంచీ పక్కల నుంచీ తగులుతుంది. చెక్క పారలతో వాటిని పదేపదే తిరగెయ్యాలి. వారాల తరబడి ఇదే పని. తేమ 12 శాతానికి దిగితేనే అది ఎండు కాయ కింద లెక్క. తర్వాత చలికాలం రాత్రుళ్లు ఇరుగుపొరుగు ఒక ఇంట చేరి, చెక్క సుత్తులతో కాయలు కొట్టి పప్పు తీసేవాళ్లు.

ఈ కొట్టాలు ఇన్ని వెలవడానికి కారణం రెండు తెగుళ్లు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పట్టుపురుగులకి జబ్బు వచ్చింది, ద్రాక్ష తీగల్ని ఫిలాక్సెరా అనే పురుగు తినేసింది. నష్టపోయిన రైతులు అక్రోటు వైపు మళ్లారు. 1938లో గ్రెనోబుల్ అక్రోటుకి ఫ్రాన్స్‌లో ప్రాంతీయ గుర్తింపు దక్కింది. ఫ్రాంకెత్, మాయెత్, పారిజియెన్ అనే మూడు రకాలకే ఆ పేరు చెల్లుతుంది.

వేడి గాలి యంత్రాలు వచ్చాక వారాల పని రెండు మూడు రోజులకి తగ్గింది. రైతుని తప్పుపట్టలేం, వానాకాలంలో పంట ఇంటికి చేరడమే అతనికి ముఖ్యం. కానీ ఖాళీ అయిన కొట్టాన్ని ఇల్లుగా మార్చేటప్పుడు ముందుగా మూసేది ఆ సందులనే. అక్కడే నాకు బాధ. పైకప్పు ఉంటుంది, దూలాలు ఉంటాయి, గాలి మాత్రం ఆగిపోతుంది. సందులు మూసిన కొట్టాన్ని కాపాడామని నేను ఒప్పుకోను. అద్దం పెట్టాలంటే బద్దలకి లోపలి వైపున పెట్టవచ్చు, బయటి వరస అలాగే ఉంటుంది. కట్టడాల మరమ్మతు చేయబోయే మీరు నక్షా గీసేటప్పుడు దూలాలతో పాటు బద్దల మధ్య సందునీ, చూరు వాలునీ కొలిచి రాసుకోండి.

ఆ లోయలోనే వినే అనే ఊళ్లో ఒక పాత కొట్టాన్ని అక్రోటు మ్యూజియంగా నిలబెట్టారు. ఇప్పుడు దాని ఫోటోలు చూద్దాం. మొదటిదాంట్లో చూరు ఎంత ముందుకొచ్చిందో గమనించండి.