మోయగలిగినంత పడవ

(చెన్నైలో తెలుగు మిత్రుల ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నన్ను పిలిచిన మిత్రులు ఒకే ఒక్క షరతు పెట్టారు. చేపలు పట్టడం గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చుగానీ పులుసు జోలికి వెళ్లకూడదట. నెల్లూరు వాడి నోట పులుసు మాట రాకుండా అరగంట మాట్లాడించడం అన్యాయమే, అయినా ఒప్పుకున్నాను. సభలో శాకాహారులు చాలామందే కనిపిస్తున్నారు. నేను చెప్పబోయే వేటలో పట్టిన చేపలు చాలావరకు మళ్లీ నీళ్లలోకే వెళ్లిపోతాయి. కాబట్టి మీరూ ధైర్యంగా కూర్చోవచ్చు.

ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్నాను. పది వేల సరస్సుల రాష్ట్రమని అక్కడ కార్ల నంబరు ప్లేట్ల మీదే రాసి ఉంటుంది. అలాంటి చోట కాపురం పెట్టి నీళ్ల మొహం చూడకుండా ఉండలేం. అక్కడ నాకు అలవాటైన చేప బాస్, అలవాటైన పడవ కెనూ. కెనూ మన దోనె జాతిదే. సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది, తెడ్డుతో నడుస్తుంది. కొల్లేట్లో తాటిమాను తొలిచి చేసిన దోనె ఎక్కినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే వాళ్లకు నా ప్రసంగంలో సగం అక్కర్లేదు.

ముందు చేప సంగతి. బాస్‌లో ముఖ్యమైనవి రెండు: లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్. నోరు మూసినప్పుడు దవడ కొస కంటిని దాటి వెనక్కి పోతే అది లార్జ్‌మౌత్. స్మాల్‌మౌత్‌కు దవడ కంటి కిందే ఆగిపోతుంది. స్మాల్‌మౌత్ చల్లటి నీళ్లు, రాతి అడుగు కోరుకుంటుంది. లార్జ్‌మౌత్‌కు తామరాకుల నీడ, నాచు, నీళ్లలోకి ఒరిగిన చెట్టుకొమ్మలు కావాలి. దూరం నుంచి తరుముకుంటూ వచ్చే అలవాటు దానికి పెద్దగా లేదు. నీడలో కదలకుండా ఉండి, ఏదైనా దగ్గరికి రాగానే నోరు ఒక్కసారిగా తెరుస్తుంది. ఆ తెరవడంలో చుట్టూ ఉన్న నీళ్లతో సహా ఎర లోపలికి పోతుంది. కొరికి పట్టుకోదు, పీల్చేస్తుంది. కోరలు లేవు, గరుకుగా తగిలే చిన్న పళ్లే. అందుకే కింది పెదవిని బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని పైకి ఎత్తవచ్చు.

ఇంకొక్క సంగతి చెప్పి చేపను కాసేపు వదిలేస్తాను. వసంతంలో నీళ్లు కొంచెం వెచ్చబడి పదహారు డిగ్రీల దరిదాపుల్లోకి రాగానే మగచేప లోతు తక్కువున్న చోటుకి వచ్చి, తోకతో అడుగు ఊడ్చి గూడు సిద్ధం చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. గుడ్లకూ, తర్వాత పిల్లలకూ కాపలా అంతా తండ్రిదే. నేను ఈ మాట చెప్పినప్పుడల్లా మా ఆవిడ నా వైపు ఒక చూపు చూస్తుంది.

ఇక ఆట సంగతి. 1967లో రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు ఆర్కన్సా రాష్ట్రంలో బీవర్ లేక్ మీద బాస్ పోటీ పెట్టాడు. మరుసటి ఏడే దానికో సంఘం కూడా కట్టాడు. అప్పటినుంచి బాస్ వేట పెద్ద వ్యాపారమైపోయింది. ఇప్పుడు పోటీలకు వెళ్లే పడవకు 250 హార్స్‌పవర్ మోటారు ఉంటుంది, నీళ్ల మీద వంద కిలోమీటర్ల వేగం దాటుతుంది. ముందొక తెర, వెనకొక తెర. అడుగున ఉన్న చేప ఆ తెర మీద చుక్కలా కనిపిస్తుంది. పడవ ఖరీదులో చెన్నై శివార్లలో చిన్న ఫ్లాటుకు అడ్వాన్సు కట్టవచ్చు. స్కాట్‌ను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. పట్టిన చేపను చంపకండి, ప్రాణంతో వదలండి అని 1972 నుంచి గట్టిగా ప్రచారం చేసినవాడు ఆయనే. కానీ ఇంత సరంజామా లేకపోతే బాస్ దొరకదనే నమ్మకం జనంలో పాతుకుపోయింది. దాని మీదే నా అభ్యంతరం.

ఎందుకంటే లార్జ్‌మౌత్ బాస్‌లో ప్రపంచ రికార్డు 1932 నాటిది. జార్జి పెర్రీ అనే కుర్ర రైతు జార్జియా రాష్ట్రంలో, మాంట్‌గోమరీ లేక్ అనే చిన్న మడుగులో దాన్ని పట్టాడు. వాన పడుతోంది, పొలం పని లేదు. ఆయనా స్నేహితుడూ చేపలకు బయల్దేరారు. ఇద్దరికీ కలిపి ఒకే గాలపుకర్ర, ఒకే ఎర. చేప 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది, అంటే మన లెక్కలో పది కిలోల పైమాటే. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకుని తిన్నారు. అవి కరువు రోజులు. మాంద్యం అమెరికా పల్లెల్ని పీల్చి పిప్పి చేస్తున్న కాలం. ఆ బరువును అందుకోవడానికి డెబ్బై ఏడేళ్లు పట్టింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన దాదాపు అంతే బరువున్న చేపను పట్టి రికార్డును సమం చేశాడు.

ఇప్పుడు పడవ బరువు దగ్గరికి వస్తాను. నాకు ఈ వేటలో అసలు సుఖం అక్కడే ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో జార్జి వాషింగ్టన్ సియర్స్ అనే ఆయన ఉండేవాడు. పెన్సిల్వేనియా మనిషి, పొట్టివాడు, బక్కపలచని వాడు, పైగా ఊపిరితిత్తుల జబ్బు. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో సరస్సుల మీద తిరగాలని ఆయన కోరిక. ఒక సరస్సుకూ ఇంకో సరస్సుకూ మధ్య అడవిదారిలో పడవను మోయాలి. డబ్బున్నవాళ్లు అందుకు గైడును పెట్టుకునేవాళ్లు. సియర్స్‌కు గైడును పెట్టుకునే స్తోమత లేదు, బరువు మోసే ఒళ్లూ లేదు. అందుకని కాంటన్ అనే ఊళ్లో హెన్రీ రష్టన్ అనే పడవలు చేసే ఆయన దగ్గరికి వెళ్లి, తాను మోయగలిగిన పడవ చేసిపెట్టమన్నాడు. రష్టన్ ఒకదాని తర్వాత ఒకటి తేలిక చేసుకుంటూ వచ్చాడు. 1883లో చేసిన పడవ తొమ్మిదడుగులు, దేవదారు పలకలతో కట్టింది. బరువు పదిన్నర పౌండ్లు, అంటే ఐదు కిలోలు కూడా లేదు. దాంట్లో సియర్స్ ఆ ఏడాది 266 మైళ్లు తిరిగాడు. అప్పటికి వయసు అరవై దాటింది.

పడవ బరువు తగ్గితే ప్రయాణం సుఖమని అందరికీ తెలుసు. నేను చెప్పేది ఇంకొంచెం ముందుకు పోతుంది. మీరు ఏ నీళ్ల దగ్గరికి వెళ్లగలరో పడవ బరువే తేల్చేస్తుంది. పెద్ద మోటారు పడవకు ట్రైలర్ కావాలి, ట్రైలర్‌కు సిమెంటు రేవు కావాలి, రేవున్న చోట అందరూ ఉంటారు. రోడ్డుకు అర కిలోమీటరు లోపల, చుట్టూ జమ్ము పెరిగి, మోకాలి లోతు నుంచి మొదలయ్యే మడుగుకు ఎవరూ రారు. పన్నెండు, పద్నాలుగు కిలోల కెనూను భుజాన వేసుకున్న మనిషి ఒక్కడే వెళ్లగలడు. అక్కడి బాస్‌కు మోటారు చప్పుడు తెలియదు.

ఆ బరువు ఇప్పుడు ఎలా సాధ్యమైందంటే, దానికి కారణం ఒక మహిళ. 1965లో డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో స్టెఫనీ క్వోలెక్ కారు టైర్లకు పనికొచ్చే తేలికైన దారం కోసం వెతుకుతూ కెవ్లార్‌కు దారి వేసింది. బరువుకు బరువు చూస్తే ఉక్కు కంటే ఐదు రెట్లు గట్టిది. బుల్లెట్ ఆపే కోటు దాంతోనే చేస్తారు, నా కెనూ కూడా దాంతో చేసిందే. తేనెరంగులో ఉంటుంది, ఎండ పడితే లోపల్నుంచి నీటిమట్టం గీత కనిపిస్తుంది. అంతకుముందు రాజ్యమేలింది అల్యూమినియం కెనూ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక విమానాలు చేసే గ్రమ్మన్ కంపెనీ వాటిని చేయడం మొదలుపెట్టింది. రాయికి కొట్టినా పగలదు. కానీ తెడ్డు అంచుకు తగిలిందంటే సరస్సు అవతలి గట్టు దాకా మోగుతుంది.

మిన్నెసోటా ఉత్తరాన, కెనడా సరిహద్దులో, బౌండరీ వాటర్స్ అని ఒక అరణ్యం ఉంది. వెయ్యికి పైగా సరస్సులు, చాలావాటిలో మోటారు నిషేధం. ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పడవ మోసే దారులను అక్కడ ఇప్పటికీ రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు. పటం మీద ‘80 రాడ్లు’ అని చూడగానే అనుభవం ఉన్నవాడికి భుజం ముందే నొప్పి పుడుతుంది. అక్కడి సరస్సుల్లో స్మాల్‌మౌత్ సొంత చేప కాదు, మనుషులు తెచ్చి వదిలిందే. అయినా బాగా స్థిరపడింది, మన తెలుగువాళ్లు చెన్నైలో స్థిరపడినట్టు.

కెనూలో కూర్చుంటే నడుము నీటిమట్టానికి జానెడు పైన ఉంటుంది. నిలబడకూడదు. మోకాళ్ల మీద కూర్చుంటే ఇంకా మంచిది, పడవ ఊగదు. ఇంత కిందినుంచి చూస్తే తామరాకు కింద కదలిక కూడా తెలుస్తుంది. గాలపుకర్రను తల మీదుగా విసరనక్కర్లేదు, పక్కనుంచి ఓ విసురు చాలు. ఎర ఆకుల అంచున పడుతుంది. చుట్టూ లేచిన వలయాలు సద్దుమణిగే దాకా ఆగాలి. ఇక్కడే మనవాళ్లకు ఓపిక చాలదు, వెంటనే లాగేస్తారు. ఆగి ఒక్కసారి కదిపి మళ్లీ ఆగితే, కింద ఉన్నది అప్పుడు నిర్ణయం తీసుకుంటుంది.

తగిలాక మోటారు పడవలో మీరు చేపను లాగుతారు. కెనూలో చేప మిమ్మల్ని లాగుతుంది. రెండు కిలోల బాస్ పడవ ముక్కును గుండ్రంగా తిప్పి తనకు కావలసిన వైపు కొంతదూరం తీసుకెళ్లగలదు. దారం తెగకపోవడానికి అదీ ఒక కారణం, పడవే కొంత లొంగుతుంది కాబట్టి. తర్వాత నీళ్లలోంచి ఎగిరి తల విదిలిస్తుంది. మీరు కూర్చున్న ఎత్తుకు సమానంగా ఎగురుతుంది, ముఖాముఖి. ఆ క్షణం కోసం ఎంత దూరమైనా పడవ మోయవచ్చు. గాలి మాత్రం శత్రువే. తేలిక పడవను గాలి ఇష్టం వచ్చిన చోటికి తోసేస్తుంది. వల సంచిలో ఒక రాయి వేసి తాడు కట్టుకుంటే లంగరు పని చేస్తుంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు.

సామాను కూడా అంతే. ఆరడుగుల కర్ర ఒకటి, మామూలు రీలు, చొక్కా జేబులో పట్టే డబ్బా. డబ్బాలో నీటి పైన తేలే కప్ప ఎర ఒకటి రెండు, మెత్తటి ప్లాస్టిక్ ఎర్రలు, అంటే వానపాముల్లాంటివి, కొన్ని. ఆ ప్లాస్టిక్ ఎర్రను 1949లో ఒహాయోలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ఇంట్లోనే తయారుచేశారు. గాలం మొనను ఆ మెత్తటి ఒంట్లోనే దాచి గుచ్చితే నాచుకు తగులుకోదు. చేప నోరు మూసినప్పుడే మొన బయటికొస్తుంది.

అయితే ఆ బాస్‌ను ఇక్కడికి తెచ్చుకుందామా అని ఎవరైనా అడగవచ్చు. వద్దే వద్దు. జపాన్‌కు 1925లో తెట్సుమా అకాబోషి అనే వ్యాపారి దాన్ని తీసుకెళ్లి ఆషి సరస్సులో వదిలాడు. అది ఊరూరా పాకి అక్కడి చిన్న చేపల్ని తినేసింది. 2005లో దాన్ని హానికర విదేశీ జీవుల జాబితాలో చేర్చారు. రికార్డు చేప దొరికిన బివా సరస్సులో అయితే పట్టిన బాస్‌ను తిరిగి వదలడమే నిషేధం. మిన్నెసోటాలో మర్యాద అనిపించుకున్న పని అక్కడ తప్పు.

మనకు మన చేపలున్నాయి. కొర్రమీను ఉంది, మాటు వేయడంలోనూ పిల్లల్ని కాయడంలోనూ బాస్‌కు ఏమీ తీసిపోదు. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటి పైకి వస్తుంటే కింద పెద్దది ఉన్నట్టే. ఆ గుంపు మీద గాలం వేయడం మాత్రం మర్యాద కాదు. పళ్లుంటాయి, పెదవి దగ్గర వేలు పెట్టకండి. ఉప్పుటేళ్లలో పండుగప్ప ఉంది. తమిళులు కొడువా అంటారు, హోటల్ మెనూలో సీ బాస్. అమెరికా బాస్‌కు చుట్టం కాకపోయినా స్వభావం దగ్గరే. మడచెట్ల వేళ్ల సందుల్లో, పోటు తిరిగే మలుపుల్లో పొంచి ఉంటుంది. పుట్టినప్పుడు మగది, పెద్దయ్యాక ఆడది అవుతుంది. దీన్ని హ్యాచరీలో పుట్టించే పనిని ఇక్కడి ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ 1997లో సాధించింది. ఆ సంస్థ ప్రయోగ కేంద్రం మన ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ముట్టుకాడులోనే ఉంది.

ఎక్కడ పడితే అక్కడ దోనె దింపడం కుదరదు. పుళల్, చెంబరంబాక్కం చెరువులు మనం తాగే నీళ్లు, వాటిని వదిలేయండి. పూండిలోకి అయితే మన కృష్ణ నీళ్లే వస్తాయి, అయినా వదిలేయండి. పులికాట్ చాలావరకు మన ఆంధ్రలోనే ఉంది, తడ, సూళ్లూరుపేట వాళ్లకు చెప్పేదేముంది. అక్కడ జాలరుల మధ్య ‘పాడు’ అనే పాత కట్టుబాటు ఉంది. ఏ చోట ఏ రోజు ఎవరు వల వేయాలో వంతులు ఉంటాయి. సరదాకి వెళ్లేవాళ్లం ముందు ఊరి పెద్దల్ని అడగాలి, వద్దంటే తిరిగి రావాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేవకముందే గట్టెక్కాలి. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి అసలు పోకూడదు. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తీయకూడదు.

ఇక మిగిలింది పడవ. కెవ్లార్ కెనూ ఇక్కడికి తెప్పించుకుంటే రవాణాకే ప్రాణం పోతుంది. ఈ తీరంలో ఫైబర్ బోట్లు చేసేవాళ్లకు కొదవలేదు కదా అని ఒకాయన దగ్గరికి వెళ్లి, ఒక మనిషి మోసే దోనె కావాలి, పదిహేను కిలోలు దాటకూడదు అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, “సార్, అల వస్తే ఎగిరిపోతుంది” అన్నాడు. అల దగ్గరికి వెళ్లనన్నాను. “అయితే పడవెందుకు సార్?” అన్నాడు. బేరం ప్రస్తుతం ఇరవై రెండు కిలోల దగ్గర ఆగి ఉంది. మీలో ఎవరికైనా ఫైబర్ పని తెలిస్తే, ప్రశ్నలయ్యాక ఒక్క నిమిషం నా దగ్గరికి రండి.