మందు ఎక్కిన టైం

వేదిక మీది పెద్దలకు, హౌస్ సర్జన్లకు, సిస్టర్లకు, నర్సింగ్ విద్యార్థులకు నమస్కారం. సూపరింటెండెంట్ గారు నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు, వారి అభిమానానికి కృతజ్ఞుణ్ణి. ఈరోజు సెప్టెంబర్ 13, ప్రపంచ సెప్సిస్ దినం. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఒళ్లు అదుపు తప్పి ఎదురుతిరిగి, తన అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్. సెప్సిస్ వైద్యాన్ని ఎలా మెరుగుపరచాలి, ఎలా కొలవాలి, ఎలా నిలబెట్టుకోవాలి అని మూడు భాగాలుగా రాసుకొచ్చాను. కానీ ఇందాక మీ క్యాజువాలిటీ మీదుగా వస్తూ మందుల ట్రాలీ చూశాను. అది చూశాక ఒక రాత్రి సంగతి ముందు చెప్పక తప్పదు.

చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒక ఆసుపత్రి. ప్రసవమైన ఐదో రోజున ఒక తల్లిని తీసుకొచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి నిమిషానికి 32 సార్లు. పై బీపీ 80. మాట తడబడుతోంది. సెప్సిస్ అని వెంటనే గుర్తుపట్టాను. కేస్ షీట్‌లో యాంటీబయాటిక్ రాసి, పక్కన 'స్టాట్', అంటే వెంటనే ఇవ్వాలి అని రాసి కింద రెండు గీతలు గీశాను. రాత్రి 10.10. ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ మందు వార్డులో లేదు. స్టోర్‌కి తాళం. చివరికి ఆమె భర్త చీటీ పట్టుకుని బయటి మెడికల్ షాపుకి పరుగెత్తాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఆమెను ఐసీయూకి మార్చారు. కిందే ఇచ్చేసి ఉంటారని అక్కడి సిస్టర్ అనుకున్నారు. మందు నరంలోకి ఎక్కేసరికి 1.40 అయింది. తెల్లవారకముందే ఆ తల్లి పోయింది. కబురు చెప్పడానికి బయటికి వెళ్తే, షాపువాడిచ్చిన బిల్లు, మిగిలిన చిల్లర ఇంకా ఆయన గుప్పిట్లోనే ఉన్నాయి.

తర్వాత రికార్డు తీసి చూశాను. 'యాంటీబయాటిక్ ఇచ్చిన టైం: 10.10' అని ఉంది. నేను రాసిన టైమే ఇచ్చిన టైం అయిపోయింది! ఆడిట్ జరిగితే మాకు నూటికి నూరు మార్కులు వచ్చేవి. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ఇదొక్కటే అడుగుతున్నాను. రాసిన టైం కాదు, మందు ఎక్కిన టైం రాయండి.

హౌస్ సర్జన్లూ, మీరు గత వారం స్టాట్ అని రాసిన ఇంజెక్షన్ నిజంగా ఎన్నింటికి ఎక్కిందో తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు. సరే.

గంటలోపు ఏమేం చేయాలో మీకు కంఠతా వచ్చు. రక్తంలో లాక్టేట్ పరీక్ష, ఏ క్రిమో తేల్చే బ్లడ్ కల్చర్, యాంటీబయాటిక్, బీపీ పడిపోతే కిలో బరువుకి 30 ఎంఎల్ సెలైన్. వాటిలోకి వెళ్లను. చదువు లేక కాదు, మందు చేతికందక మనుషులు పోతున్నారు. 2017లో ప్రపంచంలో 4 కోట్ల 89 లక్షల మందికి సెప్సిస్ వచ్చిందని, 1 కోటి 10 లక్షల మంది పోయారని అంచనా. అంటే ప్రతి ఐదు మరణాల్లో ఒకటి.

న్యూయార్క్‌లో 2012లో రోరీ స్టాంటన్ అనే పన్నెండేళ్ల పిల్లాడు బడి జిమ్‌లో పడి చెయ్యి గీరుకున్నాడు. కడుపు జబ్బనుకుని ఇంటికి పంపారు. కొద్ది రోజులకే సెప్సిస్‌తో పోయాడు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2013లో ఆ రాష్ట్రం ప్రతి ఆసుపత్రికీ సెప్సిస్ ప్రోటోకాల్ తప్పనిసరి చేసింది, లెక్కలు అప్పజెప్పమంది. ఆ లెక్కల్లోనే తేలింది, మొదటి పనులు పూర్తి కావడం ఆలస్యమైన కొద్దీ, గంట గంటకూ మరణాలు పెరుగుతున్నాయని.

ఆ రూలు వల్ల మేలు జరిగిందా అని ఎలా చూశారో గమనించండి. ముందెంత, తర్వాతెంత అని సరిపెట్టుకోలేదు. సెప్సిస్ మరణాలు మిగతా చోట్లా తగ్గుతున్నాయి కదా. అందుకే ఆ రూలు లేని రాష్ట్రాలతో పోల్చారు. న్యూయార్క్‌లో తగ్గుదల ఎక్కువే. మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. చిన్న జ్వరాలను కూడా సెప్సిస్ ఖాతాలో రాస్తే కాగితం మీద మరణాల శాతం దానంతటదే పడిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ఆ తల్లి పోయాక మేం చేసినవి చిన్న పనులే. క్యాజువాలిటీ గడియారానికీ ఐసీయూ గడియారానికీ 12 నిమిషాల తేడా ఉంది, మొదట అది సరిచేశాం. రెండు రకాల యాంటీబయాటిక్, కల్చర్ సీసాలు, సెలైన్ ఒక పెట్టెలో పెట్టాం. ముందు మందు, తర్వాత స్టోర్‌కి రాసే ఇండెంట్ చీటీ. ప్రతి సోమవారం ఐదు కేస్ షీట్లు తీసి, మందుకు పట్టిన నిమిషాలను గోడ మీది చార్టులో చుక్కలుగా పెట్టాం. చుక్కలు నెలనెలా కిందికి దిగాయి.

తర్వాత ఇన్‌చార్జి సిస్టర్‌కి బదిలీ అయింది. మూడు నెలలకు పెట్టె తెరిస్తే ఒక సూది, డేటు దాటిన రెండు వయల్స్. అన్నేళ్ల సర్వీసులో నాకంత బాధ ఎప్పుడూ కలగలేదు. ఆ పనంతా ఒక్క మనిషి భుజాల మీద నడిచింది, మేమెవరం గమనించలేదు. ఆ తర్వాత పెట్టె తనిఖీని డ్యూటీ హ్యాండోవర్‌లో కలిపాం. పెట్టె చూడకుండా సంతకం లేదు. బదిలీలు ఆగలేదు, పెట్టె మాత్రం మళ్లీ ఖాళీ కాలేదు.

ఇంకా రాసుకొచ్చిన కాగితాలున్నాయి, అవి వదిలేస్తాను. ఇందాక మీ ట్రాలీ రెండో అరలో చూశాను, కల్చర్ సీసాలు లేవు. స్టోర్ ఇన్‌చార్జి గారు ఇక్కడే ఉన్నారు. అయ్యా, టీ తర్వాత తాగుదాం. తాళాలు తీసుకుని రండి, నేనూ వస్తాను.