బి27 ఉంటే జబ్బు ఉన్నట్టేనా?

శ్రోతలందరికీ నమస్కారం.

గాజువాకలో వెల్డింగ్ పనిచేసే ఒక యువకుడున్నాడు. వయసు ఇరవై ఆరు. తెల్లవారుజామున నడుము నొప్పితో మెలకువ వచ్చేది. లేచాక గంటసేపు వంగి సాక్సు తొడుక్కోలేకపోయేవాడు. పనిలో పడితే మాత్రం నొప్పి సర్దుకునేది. ఆదివారం ఇంట్లో పడుకుంటే మళ్లీ పెరిగేది. బరువులెత్తే పని కదా, విశ్రాంతి తీసుకోమన్నారు ఇంట్లోవాళ్లు. విశ్రాంతితోనే ఎక్కువయ్యేది! అలా మూడేళ్లు గడిచాయి. చివరికి ఒక కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ అడిగారు: "బాబూ, పొద్దున్నే నడుము పట్టేస్తుందా?"

ఆ ప్రశ్నతో జబ్బు బయటపడింది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక కీళ్లలో, కొందరికి కంటిలో కూడా, శరీరపు రక్షణ వ్యవస్థే వాపు పుట్టించే జబ్బు. రక్తపరీక్షలో హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువు రకం ఉందని వచ్చింది.

ఆ రిపోర్టు పట్టుకుని వాళ్లమ్మగారు నా దగ్గరికి వచ్చారు. "మాస్టారూ, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. దానికీ ఈ పరీక్ష చేయించమంటారా?"

అమ్మాయికి నడుము నొప్పి ఉందా అని అడిగాను. లేదన్నారు. అయితే వద్దమ్మా అన్నాను. ఎందుకో చెబుతాను.

హెచ్‌ఎల్‌ఏ జన్యువులు మన ఆరో క్రోమోజోములో ఉంటాయి. ఓడరేవు గేటు దగ్గర కార్మికుడు గుర్తింపు కార్డు చూపించినట్టు, ఇవి తయారుచేసే ప్రొటీన్లు కణం లోపలి సరుకు ముక్కల్ని రక్షణ కణాలకు చూపిస్తాయి. ఇవి మనిషికీ మనిషికీ తేడాగా ఉంటాయి. బి27 అలాంటి ఒక రకం. 1973లో లండన్ వైద్యులు ఈ జబ్బున్న 75 మందిని పరీక్షిస్తే 72 మందిలో బి27 కనిపించింది. ఆ అంకె వింటే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ లెక్కను రెండో వైపు నుంచి చూడండి. బి27 ఉన్న వందమందిలో ఈ జబ్బు వచ్చేది సుమారు ఐదుగురికి, లేదా అంతకన్నా తక్కువమందికి. ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే అవకాశం కొంత పెరుగుతుంది, నిజమే. అప్పుడు కూడా రానివారే ఎక్కువ. ఒకే రకం జన్యువులున్న కవలల్లో ఒకరికి వచ్చి, ఇంకొకరికి రాకపోవచ్చు. ఇతర జన్యువులూ, పరిసరాలూ కలిస్తేనే జబ్బు.

ఏ బాధా లేని పిల్లకు ఆ పరీక్ష చేయిస్తే చేతికొచ్చేది జబ్బు కాదు, భయం. ఆ భయంతో ఒక సంబంధం తప్పిపోతే అది ఆ పిల్లకు చేసిన అన్యాయం. ఈ మాట గట్టిగానే చెబుతాను.

పరీక్ష ఎవరికంటే, బాధ ఉన్నవారికి. అదీ డాక్టరు చెబితే. నలభై ఏళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటిన నడుము నొప్పి. పొద్దున్నే అరగంటకు పైగా బిగుసుకుపోవడం. కదిలితే తగ్గి, పడుకుంటే పెరగడం. ఇవి కనిపిస్తే కీళ్లవాతం నిపుణుల దగ్గరికి, అంటే రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మగపిల్లలకే వస్తుందనుకోకండి, ఆడపిల్లలకూ వస్తుంది. జబ్బు తేలితే మందులున్నాయి, రోజూ వ్యాయామం ఉంది. సిగరెట్ అలవాటుంటే మానాలి.

డాక్టరుకు నొప్పి ఎక్కడుందో చెప్పి ఊరుకోకండి. ఏ వేళ వస్తుందో, కదిలితే ఏమవుతుందో చెప్పండి. ఎప్పుడైనా కన్ను ఎర్రబడి నొప్పి పెట్టి ఉంటే అదీ చెప్పండి.

నమస్కారం.