తాయెత్తు ఉండనీండి, బిళ్ళ మానొద్దు

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండులో, దర్గా ఉన్న ఏ.ఎస్.పేటకు పోయే బస్సు కోసం చూసేవాళ్ళను ఎప్పుడన్నా గమనించారా? ఎదిగిన కొడుకు మణికట్టుకు కొంగు ముడేసుకున్న తల్లి ఒకరు కనబడతారు. ఇరవై ఏళ్ళ కిందట మా పిన్నమ్మ అట్లాగే నిలబడింది.

మా తమ్ముడికి నిద్ర పట్టకుండా పోయింది. ఎవరో తిడుతున్నారని చెవుల్లో దూది కుక్కుకునేవాడు. గాలి సోకిందన్నారు. పేట దర్గాలో నలభై రోజులున్నారు. అక్కడ పిన్నమ్మకు దొరికిన ఊరటను నేను తక్కువ చేయను, వాణ్ణి చూసి నవ్వని మనుషులు ఆమెకు అక్కడే ఎదురుపడ్డారు. గొంతులు మాత్రం ఆగలేదు.

పినాకిని రైలెక్కి మద్రాసులో ఒక ధర్మాసుపత్రికి పోయాం. పిన్నమ్మ వాడి చొక్కా చేతిని కిందికి లాగి తాయెత్తు కప్పేసింది. డాక్టరమ్మ చూడనే చూసింది. "ఉండనీండమ్మా, అదేం చేసింది? బిళ్ళ మాత్రం మానొద్దు" అంది.

మానేశాం. ఎనిమిది నెలలకు బాగయ్యాడు. పెళ్ళివారు వస్తున్నారని బిళ్ళల డబ్బా బియ్యం డ్రమ్ములో దాచాం, బాగానే ఉన్నాడు కదా అని మళ్ళీ తియ్యలేదు. రెండు నెలల్లో దూది మళ్ళీ చెవుల్లోకొచ్చింది.

ఈ తిరగబెట్టడం డాక్టర్లకు కొత్త కాదు. మన దేశంలో తొలి మహిళా మానసిక వైద్యురాలు డాక్టర్ శారదా మీనన్ మద్రాసు కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిని ఏళ్ళ తరబడి నడిపారు. తర్వాత 1984లో స్కిజోఫ్రెనియా, అంటే లేని గొంతులు వినబడే జబ్బు ఉన్న రోగుల కోసం మద్రాసులోనే స్కార్ఫ్ అనే ధర్మసంస్థ పెట్టారు. అక్కడ మందుతో పాటు పని నేర్పిస్తారు, ఇంటివాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడతారు. మా ఇంట్లో ముందుగా వైద్యం కావలసింది మాకేనేమో!

2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గా ఉన్న ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచే ఒక ఆశ్రమానికి నిప్పంటుకుని, గొలుసులతో కట్టేసిన రోగులు 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. ఇప్పుడైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.

మా తమ్ముడిప్పుడు చెకప్‌కు ఒక్కడే పోయొస్తాడు. రాగానే పిన్నమ్మ అడిగేది ఒకటే. "ఈసారి బిళ్ళలేమన్నా మార్చారా, అబ్బయ్యా?"