వెతికినందుకు ఫీజు: ఎగ్జిక్యూటివ్ సెర్చ్‌ను మలిచినవారు

సభకు నమస్కారం.

నియామకాల రంగాన్ని ప్రభావితం చేసిన నాయకులెవరని అడిగితే, పెద్ద కంపెనీలకు సీఈఓలను వెతికి తెచ్చినవారి పేర్లే ముందు వినిపిస్తాయి. ఇలా ఉన్నత పదవులకు మనుషులను వెతికిపెట్టే వృత్తే ఎగ్జిక్యూటివ్ సెర్చ్. వెతికినందుకు డబ్బు ఎవరు, ఎప్పుడు, ఏ లెక్కన ఇవ్వాలో తేల్చినవారే ఈ వృత్తిని అంతకన్నా ఎక్కువగా మలిచారని నా అభిప్రాయం.

ఉద్యోగం కావలసినవాడే ఏజెన్సీకి రుసుము కట్టడం ఒకప్పుడు అమెరికాలో మామూలు. 1926లో న్యూయార్క్‌లో థార్న్‌డైక్ డీలాండ్ స్థాపించిన సంస్థ, మనిషి కావలసిన కంపెనీ దగ్గరే ఫీజు తీసుకుంది. ముందస్తు ఒప్పందంతో పనిచేసే రిటైన్డ్ సెర్చ్‌కు ఆద్యుడిగా సాధారణంగా ఆయననే చెబుతారు. ఫీజు కంపెనీదైనప్పుడు వెతికే మనిషి కూడా కంపెనీవాడే అవుతాడు. ఈ సంగతి నేటికీ చాలామంది అభ్యర్థులకు తెలియదు. ఇలా వెతికే మనిషి, అంటే హెడ్‌హంటర్, తమకు ఉద్యోగం చూసిపెడతాడని ఎదురుచూస్తూ ఉంటారు.

రెండో ప్రపంచ యుద్ధానంతరం ఈ రంగం బూజ్ అలెన్ హామిల్టన్ అనే కన్సల్టెన్సీ నీడలో పెరిగింది. అక్కడ పనిచేసిన సిడ్నీ బోయ్‌డెన్ 1946లో సొంత సంస్థ పెట్టారు. అక్కడివారే అయిన గార్డ్నర్ హైడ్రిక్, జాన్ స్ట్రగుల్స్ 1953లో షికాగోలో తమ సంస్థను ఆరంభించగా, వారి దగ్గర పనిచేసిన స్పెన్సర్ స్టూవర్ట్ 1956లో అదే నగరంలో వేరు కుంపటి పెట్టుకున్నారు. ఇతరుల సంస్థల నుంచి మనుషులను బయటికి రప్పించడమే వృత్తిగా గలవారి సొంత చరిత్ర కూడా ఇలాగే సాగడంలో వింతేమీ లేదు. 1969లో లాస్ ఏంజెలిస్‌లో లెస్టర్ కార్న్, రిచర్డ్ ఫెర్రీ, న్యూయార్క్‌లో రసెల్ రేనాల్డ్స్ రంగప్రవేశం చేశారు.

వీరందరిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవారు ఎగాన్ జెండర్. స్పెన్సర్ స్టూవర్ట్ సంస్థకు జ్యూరిచ్‌లో కార్యాలయం తెరిచిన ఆయన, 1964లో విడిపోయి స్వయంగా సంస్థను నెలకొల్పారు. నియమితుడి మొదటి ఏడాది వేతనంలో సుమారు మూడో వంతును ఫీజుగా తీసుకోవడం ఈ రంగంలో స్థిరపడిన పద్ధతి. కంపెనీ తరఫున వేతనంపై సలహా ఇవ్వవలసిన మనిషికి, ఆ వేతనం పెరిగినకొద్దీ తన రాబడి కూడా పెరుగుతుంటే, అతని సలహాను ఎంతవరకు నమ్మగలం? జెండర్ శాతాల లెక్కను వదిలి, పని స్వభావాన్ని బట్టి ఫీజును ముందే నిర్ణయించారు. లాభాలను కూడా ఎవరు ఎంత వ్యాపారం తెచ్చారన్న లెక్కన కాక, భాగస్వాములందరికీ చాలావరకు సమానంగానూ, మిగిలినది సంస్థలో గడిపిన కాలాన్ని బట్టీ పంచారు. దానివల్ల ఒక దేశంలోని భాగస్వామి తనకు తెలిసిన మంచి అభ్యర్థిని మరో దేశంలోని సహచరుడి నుంచి దాచుకోవలసిన అవసరం తగ్గింది.

ఇక పేరు మోసిన నియామకాల సంగతి. హైడ్రిక్ అండ్ స్ట్రగుల్స్‌లో జెరార్డ్ రోష్‌కు సాటి వచ్చినవారు తక్కువ. 1983లో పెప్సీ నుంచి జాన్ స్కల్లీని ఆపిల్‌కు చేర్చిన వెతుకులాట ఆయనదే. 1993లో ఐబీఎం బోర్డు రోష్‌తో పాటు స్పెన్సర్ స్టూవర్ట్‌కు చెందిన టామ్ నెఫ్‌ను కూడా నియమించుకుంది. ప్రత్యర్థులిద్దరికీ ఒకే పని అప్పగించడం అరుదు. చివరికి కంప్యూటర్ల పరిశ్రమతో సంబంధం లేని లూయీ గెర్‌స్ట్‌నర్ ఎంపికై, కంపెనీని నిలబెట్టారు. స్కల్లీ వచ్చిన రెండేళ్లకే స్టీవ్ జాబ్స్ ఆపిల్‌ను వీడవలసి వచ్చింది. ఒకే వ్యక్తి పాల్గొన్న రెండు వెతుకులాటల ఫలితాలు ఇంత భిన్నంగా ఉన్నప్పుడు, విజయాన్ని గానీ వైఫల్యాన్ని గానీ పూర్తిగా వెతికినవాడి ఖాతాలో వేయడం న్యాయం కాదు.

ఈ వృత్తిలో మరో కట్టుబాటు ఉంది. ఒక కంపెనీకి పనిచేసిన సంస్థ, నిర్ణీత కాలం పాటు ఆ కంపెనీ ఉద్యోగులను మరొకరి కోసం కదిలించకూడదు. క్లయింట్లు పెరిగేకొద్దీ తలుపు తట్టకూడని ఇళ్లూ పెరుగుతాయి. 1999లో కార్న్ ఫెర్రీ, హైడ్రిక్ రెండూ స్టాక్ మార్కెట్‌లో అడుగుపెట్టాయి. వాటాదారులు ఏటా వృద్ధిని కోరుతారు, ఈ నియమం మాత్రం వృద్ధికే పగ్గం వేస్తుంది. గ్యారీ బర్నిసన్ సారథ్యంలో కార్న్ ఫెర్రీ 2015లో హే గ్రూప్ అనే కన్సల్టెన్సీని కొని, వేతన నిర్మాణం, నాయకత్వ మదింపు వంటి సేవల వైపు విస్తరించడాన్ని నేను ఈ చిక్కుముడితో కలిపే చూస్తాను. ఉద్యోగులను కదిలించకుండానే అదే క్లయింటుకు మళ్లీ మళ్లీ అమ్మగలిగిన సేవలవి.