పడవ బోర్లించడంలో అసలు గండం ఎక్కడుంది?

నమస్తే. అడుగు బాగుచేసుకోవడానికి పడవని నేల మీద తలకిందులుగా బోర్లించే వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నలుగురు కుర్రాళ్లు ఒకే వైపు చేరి, ఒకటి, రెండు, మూడు అని అరిచి, దభీమని తిప్పేస్తారు. కింద కామెంట్ల నిండా చప్పట్లు. ఎత్తడమే కష్టం, ఎత్తితే పని అయిపోయినట్టే అని అందరి నమ్మకం. కాదండీ. ఎత్తేటప్పుడు నడుం నొప్పి పుడుతుందేమో. కాళ్లు విరిగేది దించేటప్పుడే.

నేను చెప్పేది చిన్న చెక్క పడవలు, ఫైబర్ పడవల గురించి. అడుగున బరువైన కీల్, అంటే పడవ ఒరిగిపోకుండా కిందికి దిగి ఉండే రెక్కలాంటి భాగం, ఉన్న తెరచాప పడవల జోలికి ఇంట్లో పోకండి.

బీరువా ఎప్పుడైనా వంచారా? మొదట మొండికేస్తుంది. వంగేకొద్దీ తేలికైపోతుంది. ఒక చోట వేలితో ఆపొచ్చు. ఆ చోటు దాటిందా, ఇక మన మాట వినదు. పడవా అంతే.

[స్క్రీన్ మీద: పడవ అడ్డకోత బొమ్మ]

200 కిలోల పడవ అనుకుందాం. ఒక అంచు లేపడానికి మొదట్లో దాదాపు సగం బరువు, అంటే 100 కిలోలు మోయాలి. నలుగురుంటే తలా 25. పెద్ద లెక్కేం కాదు. పడవ లేచేకొద్దీ ఆ 100 తగ్గుతూ సున్నాకి వస్తుంది. బీరువా వేలి మీద ఆగిన చోటు అదే. అది దాటాక బరువు మళ్లీ 100 దాకా పెరుగుతుంది, కానీ ఈసారి అవతలి వైపు. మరి మన నలుగురూ ఎక్కడున్నారు? ఇవతలే!

ఇంకో తిరకాసుంది. బరువు ఎక్కువగా అడుగునే ఉంటుంది కాబట్టి, పడవ నిట్టనిలువుగా లేచినా ఇంకా మన వైపే వాలుతుంటుంది. తూకం కుదిరేది నిలువు దాటి ఇంకొంచెం ముందుకెళ్లాక. "ఇంకొక్క తోపు" అంటూ అందరూ బలమంతా పెట్టేది సరిగ్గా అక్కడే. నెమ్మదించాల్సిన చోటు కూడా అదే.

అందుకే వెనక తాడు కావాలి. లేపే అంచుకి రెండు చోట్ల తాళ్లు కట్టి, మన వెనకున్న గట్టి స్తంభాలకి చుట్టండి. ముడి వేయొద్దు. రాపిడి ఓ మోస్తరుగా ఉన్నా, ఒక్క చుట్టుతో చేతికొచ్చే లాగుడు దాదాపు ఆరో వంతుకి పడిపోతుంది. రెండు చుట్లకి నలభయ్యో వంతు. తాడు స్తంభం మీద కిర్రుమంటూ జానెడు జానెడు జారుతుంటే, ఒక్కో తాడు దగ్గర ఒక్క మనిషి నింపాదిగా దించేయొచ్చు. తాడుని చేతికి మాత్రం చుట్టుకోకండి, వేళ్లు పోతాయి.

బీరువా వంచేటప్పుడు దాని కింది కాళ్లు జారితే ఏమవుతుందో తెలుసుగా? నేల మీద ఆనిన పడవ అంచుకి కూడా రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. లేచిన అంచు చివరికి వాలేది ఆ దిమ్మలకి అవతల, పడవ వెడల్పంత దూరంలో. 1.5 మీటర్ల పడవైతే 1.5 మీటర్ల అవతల పాత టైర్లు పరవండి. టైర్లు ఉండాల్సిన చోట మనిషి ఉండకూడదు. సరదాకి కూడా.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ముందే ఇంజన్, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, లంగరు, తెడ్లు తీసేయండి. అడుగున నిలిచిన నీళ్లు తోడేయండి. లీటరుకి కిలో బరువు, పైగా పడవ వంగగానే ఒక్కసారిగా ఒక పక్కకి దూకుతాయి. గాలి గట్టిగా వీస్తుంటే పని వాయిదా వేయండి. "ఎత్తు, ఆపు, వదులు" అని చెప్పే గొంతు ఒక్కటే ఉండాలి.

బెల్టుల్లో వేలాడదీసి తిప్పేవాళ్లు కోణం చూసుకోండి. ఒకే కొక్కేనికి తగిలించిన బెల్టు రెండు కాళ్లూ, అంటే కొక్కెం నుంచి పడవ దాకా దిగే రెండు పాయలూ, నేలకి 30 డిగ్రీలకే వాలి ఉంటే, ఒక్కో పాయ మీద సగం కాదు, మోసే బరువంతా పడుతుంది. ఫ్యాన్ కొక్కెం గురించి అడగనే అడగొద్దు.

బోర్లించాక అంచుల కింద స్టాండ్లు పెట్టండి, లోపల అడ్డపట్టీలు ఉన్న చోట్లే. తర్వాత పడవని నేలకి కట్టేయండి, బోర్లా ఉన్న పడవని పెనుగాలి లేపేస్తుంది. పాత రంగు గీకేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ప్యాచ్ వేయడం వచ్చే వీడియోలో చూద్దాం, ఈలోగా చెక్కని బాగా ఆరనివ్వండి.