మీ ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కట్లేదా? లైనక్స్ వేసే ముందు తేల్చుకోవాల్సినవి

(స్క్రీన్: విండోస్ 10 అప్‌డేట్ పేజీ. ఈ పీసీకి విండోస్ 11 కుదరదన్న మెసేజ్ మీద జూమ్.)

ఏడో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్. బ్రౌజర్, ఎక్సెల్, యూట్యూబ్ అన్నీ శుభ్రంగా నడుస్తున్నాయి. విండోస్ 11 మాత్రం ఎక్కనంటోంది. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 సిరీస్ నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటోంది. పైగా టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. అటు చూస్తే విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. సొంతానికి వాడుకునే కంప్యూటర్లకు ఈఎస్‌యూ అనే పొడిగింపు ఉంది కానీ, దాని గడువు 2026 అక్టోబర్ 13. అందులో చేరాలంటే విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి.

విండోస్‌కి బదులుగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. "లైనక్స్ వేసెయ్, ఫ్రీ, ఫాస్ట్" అని సలహా ఇచ్చేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. సలహాలో తప్పు లేదు. కాకపోతే లైనక్స్ గొప్పదా, విండోస్ గొప్పదా అన్న వాదనతో మీకు పనిలేదు. మీ పనుల్లో విండోస్ దాటి రాని ప్రోగ్రామ్‌గానీ, యూఎస్‌బీ పరికరంగానీ ఒక్కటైనా ఉందా? అది తేలితే మిగతాదంతా రెండు గంటల పని.

కాగితం తీసుకోండి. పోయిన నెలలో తెరిచిన ప్రతి ప్రోగ్రామ్ పేరు రాయండి. దాని కింద ఏడాదికోసారి పనిపడేవి రాయండి, దెబ్బకొట్టేది ఎక్కువగా ఇవే. తర్వాత ల్యాప్‌టాప్‌కి గుచ్చే వైర్లన్నీ లెక్కపెట్టండి: ప్రింటర్, స్కానర్, వేలిముద్ర మెషీన్, డిజిటల్ సంతకం టోకెన్.

(స్క్రీన్: కాగితం మీద జాబితా. ఒక్కో పేరు పక్కన టిక్ లేదా ఇంటూ.)

ముందు తేలికగా టిక్ పడేవి. బ్రౌజర్‌లో నడిచేదేదైనా సరే: నెట్ బ్యాంకింగ్, వాట్సాప్ వెబ్, గూగుల్ మీట్, జీమెయిల్. జూమ్‌కి లైనక్స్ వెర్షన్ ఉంది. టీమ్స్ బ్రౌజర్‌లో వాడుకోవచ్చు. వీఎల్‌సీ ఉంది. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లని లిబ్రెఆఫీస్ తెరుస్తుంది. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకున్నవాళ్లు మాత్రం అక్కడే ఆగండి. మామూలు ఫార్ములాలు దాదాపు అన్నీ పనిచేస్తాయి గానీ, వీబీఏ మాక్రోలు కొన్ని నడుస్తాయి, కొన్ని మధ్యలో ఆగిపోతాయి. లిబ్రెఆఫీస్ విండోస్‌కి కూడా ఉంది కదా, ముందు విండోస్‌లోనే వేసుకుని ఆ ఫైళ్లు తెరిచి చూడండి. లైనక్స్ పెట్టకుండానే సగం సంగతి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంటూ పడేవి. టాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రామ్. ఫోటోషాప్, ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, మైక్రోకంట్రోలర్ ల్యాబ్‌లో వాడే కీల్ కూడా అంతే. వలోరెంట్ ఆడేవాళ్లకి ఆశ లేదు. దాని యాంటీ-చీట్ (మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) విండోస్ గుండెకాయలాంటి కెర్నల్‌లోనే కూర్చుంటుంది. స్టీమ్‌లో ఉన్న గేములు చాలావరకు, విండోస్ గేములని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్ ద్వారా నడుస్తాయి, మీ గేమ్ సంగతి ప్రోటాన్‌డీబీ సైటులో వెతికి చూసుకోండి. డావిన్చీ రిజాల్వ్‌కి లైనక్స్ వెర్షన్ ఉంది కదా అని వీడియో ఎడిటర్లు సంబరపడతారు. ఫ్రీ వెర్షన్ లైనక్స్‌లో హెచ్.264 ఫైళ్లని తీసుకోదు. ఫోన్‌లో తీసిన మామూలు వీడియో సాధారణంగా హెచ్.264, లేదంటే హెచ్.265. ప్రతి క్లిప్పునీ ముందు వేరే కోడెక్‌లోకి మార్చుకోవాలి.

"వైన్ ఉందిగా, ఈఎక్స్‌ఈలు నడుస్తాయిగా" అంటారు. చిన్న చిన్న ప్రోగ్రామ్‌లు నడుస్తాయి. కానీ డాంగిల్, టోకెన్, సొంత డ్రైవర్ అడిగే ప్రోగ్రామ్‌లు చాలావరకు వైన్‌లో మొరాయిస్తాయి. వైన్ విండోస్ ప్రోగ్రామ్‌ని అనువదించగలదు, విండోస్ డ్రైవర్‌ని ఎక్కించలేదు. డిజిటల్ సంతకం టోకెన్ దగ్గర చిక్కు ఇదే. టోకెన్ కంపెనీ లైనక్స్ డ్రైవర్ ఇచ్చినా, సైటు వాడే సంతకం యుటిలిటీ కూడా లైనక్స్‌లో నడవాలి. రెండూ కుదిరితేనే టిక్ పెట్టండి. వ్యక్తిగత వ్యాపారులు జీఎస్‌టీ రిటర్న్‌ని ఓటీపీతో ముగించుకోవచ్చు. కంపెనీలకీ ఎల్‌ఎల్‌పీలకీ ఆ సౌకర్యం లేదు, సంతకం తప్పదు.

(స్క్రీన్: ఒకే పేరా రెండుసార్లు. ఎడమవైపు అను ఫాంటులో తెలుగు, కుడివైపు ఫాంటు మార్చాక గజిబిజి గుర్తులు.)

డీటీపీ చేసేవాళ్ల సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. పెళ్లికార్డు, కరపత్రం, ఫ్లెక్సీ, ఇవన్నీ మన దగ్గర ఇప్పటికీ అను ఫాంటుల్లోనే ఎక్కువగా తయారవుతాయి. అలా టైప్ చేసిన ఫైల్లో నిజానికి తెలుగు ఉండదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫాంటు మారిస్తే తొడుగు ఊడిపోతుంది, కుడివైపు కనిపిస్తున్నది అదే. లైనక్స్‌లో ఆ ఫాంటు ఫైళ్లని హోమ్ ఫోల్డర్‌లో ".fonts" అనే ఫోల్డర్‌లో పడేస్తే పాత వర్డ్ ఫైలు తెలుగులోనే కనిపిస్తుంది, ప్రింటూ వస్తుంది. దాన్ని దిద్దాలంటేనే కష్టం, ఎందుకంటే టైప్ చేయించే స్క్రిప్ట్ మేనేజర్ విండోస్‌ది. పేజ్‌మేకర్ ఫైళ్లని లిబ్రెఆఫీస్ డ్రా తెరవగలదు కానీ లేఔట్ చెదిరిపోతుంది. ప్రెస్సుకి పంపే ఫైలు దాని చేతిలో పెట్టకండి. డీటీపీయే మీ జీవనోపాధి అయితే ఆ ఒక్క విండోస్ మెషీన్‌ని కదిలించొద్దు. ఇంటర్నెట్ వైరు పీకేసి పెట్టుకోండి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. రెండో మెషీన్ ఉంటే దానికి లైనక్స్ వేసి, మెయిళ్లూ డౌన్‌లోడ్లూ దాని మీద చూసుకోండి.

యూనికోడ్‌లో టైప్ చేసేవాళ్లకి ఈ బాధ లేదు. లైనక్స్ రకాల్లో ఒకటైన లైనక్స్ మింట్‌లో మెనూలోని ఇన్‌పుట్ మెథడ్ తెరిచి, తెలుగు ఎంచుకుని, అది అడిగిన ప్యాకేజీలు వేసి, టైపింగ్ చూసుకునే ఐబస్‌ని ఎంపిక చేయండి. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఈ అడుగు మర్చిపోయే చాలామంది తెలుగు రావట్లేదని అనుకుంటారు. ఐబస్‌కి ఎమ్17ఎన్ అనే భాగం కలిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఔట్లు దొరుకుతాయి. వేళ్లకి ఏది అలవాటో అది పెట్టుకోవచ్చు. ఫాంటుల కోసం సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో "ఫాంట్స్-తెలుగువిజయం" అని వెతకండి. రామభద్ర, మండలి, గురజాడ లాంటివన్నీ ఒకే ప్యాకేజీలో వస్తాయి. గౌతమి, నిర్మలా మాత్రం విండోస్‌తో వచ్చే ఫాంటులు, ఇక్కడ ఉండవు. గౌతమిలో చేసిన పది పేజీల ఫైలు ఇక్కడ తెరిస్తే వేరే ఫాంటు దాని చోటులోకి వస్తుంది, పేజీల లెక్క మారిపోతుంది. బయటికి పంపేవి పీడీఎఫ్‌గా పంపండి.

ఇంజినీరింగ్ పిల్లలకి ఓ మాట. పైథాన్, జావా, సీ అన్నీ లైనక్స్‌లో ఇంకా హాయిగా ఉంటాయి. ల్యాబ్‌లో ఇప్పటికీ టర్బో సీ నడుస్తుంటే మాత్రం, అక్కడ రాసిన ప్రోగ్రామ్ లైనక్స్‌లోని సీ కంపైలర్ జీసీసీలో సాధారణంగా కంపైల్ కాదు. కోనియో హెడర్, క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్ డాస్ కాలం నాటివి. ఆ రెండు లైన్లూ తీసేస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది.

ప్రింటర్లలో ఎప్సన్ ఇంక్‌ట్యాంక్ ఎల్ సిరీస్ చాలావరకు ఇబ్బంది పెట్టదు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 మొండిది. ఆన్ చేసిన ప్రతిసారీ దానికి కంప్యూటర్ నుంచే ఫర్మ్‌వేర్ వెళ్లాలి, అందుకు హెచ్‌పీ లైనక్స్ డ్రైవర్ హెచ్‌పీలిప్‌తో పాటు దాని ప్లగిన్ కూడా వేయాలి. ప్లగిన్ వేయకపోతే ప్రింట్ క్యూలో పేజీ ఉంటుంది, ప్రింటర్ ఉలకదు పలకదు. ప్రతి జెరాక్స్ షాపులో కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 ఇంకా తంటా. అది కాప్ట్ అనే కెనాన్ సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. దానికి కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ పాతది, 32-బిట్ లైబ్రరీలు అడుగుతుంది. రోజూ ఆ ప్రింటర్ మీదే బతికే షాపయితే జాబితాలో ఇంటూ పెట్టేయండి.

(స్క్రీన్: పెన్‌డ్రైవ్, బూట్ మెనూ.)

ఇంటూలు లేవా? అయితే ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ మీంచి నడిపి చూసే లైవ్ యూఎస్‌బీ చేద్దాం. లైనక్స్ మింట్ 22 సిరీస్, సినమన్ ఎడిషన్ దించుకోండి. 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్ మెషీన్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండి. ఫైలు దాదాపు 3 జీబీ. మధ్యలో నెట్ తెగి సగం దిగిన ఫైలుతో ఇన్‌స్టాల్ మొదలుపెట్టి రాత్రంతా తలపట్టుకోవడం కంటే, పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హాష్ కొట్టి, వచ్చిన అంకెని సైటులో ఇచ్చిన దానితో పోల్చడం మేలు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, దాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. దించిన ఫైలుని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీద రాయండి. తర్వాత రీస్టార్ట్ చేసి డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయాలంటే ముందు బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయాలి.

ఇన్‌స్టాల్ నొక్కకండి. డెస్క్‌టాప్ వచ్చాక అరగంట వాడండి. పెన్‌డ్రైవ్ మీంచి నడుస్తోంది కాబట్టి నెమ్మదిగానే ఉంటుంది, దాన్ని చూసి స్పీడు లెక్కగట్టొద్దు. వైఫై, స్పీకర్, మైకు, కెమెరా, బ్లూటూత్ చూడండి. వెలుతురు పెంచే బటన్లు నొక్కండి. మూత మూసి పది నిమిషాలాగి తెరవండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు నిద్రలోంచి లేవవు, నల్ల తెరతో ఉండిపోతాయి. అలాంటిది మీదవునో కాదో ఇప్పుడే తెలిసిపోవాలి. వైఫై రాకపోతే కంగారు వద్దు, ఫోన్‌ని కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వచ్చేస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక కూడా ఇలాగే నెట్ తెచ్చుకుని డ్రైవర్ మేనేజర్‌లో వైఫై డ్రైవర్ వెతకొచ్చు.

(స్క్రీన్: ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి, 2.5 అంగుళాల డిస్క్ బయటికి.)

రెండు సిస్టమ్‌లూ ఉంచుకునే డ్యూయల్ బూట్ పెట్టాలా అని అందరూ అడుగుతారు. ఏడేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌లో తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, మా మాట వినండి: 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని లైనక్స్ దాని మీద వేయండి, పాత డిస్క్ తీసి పక్కన పెట్టండి. లైనక్స్ వల్ల వచ్చిందనుకునే స్పీడులో పెద్ద వాటా ఎస్‌ఎస్‌డీదే. పైగా నచ్చకపోతే నాలుగు స్క్రూలు విప్పి పాత డిస్క్ పెట్టుకుంటే విండోస్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ఒకే డిస్క్ మీద రెండూ ఉండాల్సిందే అంటే మాత్రం ముందు బ్యాకప్ తీయండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసి పెట్టుకోండి, లేకపోతే బూట్ సెట్టింగ్ మారగానే విండోస్ ఆ కీ అడిగి కూర్చుంటుంది. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, అందుకే లైనక్స్‌లో మీ డీ డ్రైవ్ చదవడానికే తెరుచుకుంటుంది, రాయనివ్వదు. చోటు ఖాళీ చేయడం విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేయండి, 50 జీబీకి తగ్గొద్దు. ఇన్‌స్టాలర్‌కి డిస్క్ అసలు కనిపించకపోతే బయోస్‌లో సాటా మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీలో ఉందేమో చూడండి. ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ ఊరికే మార్చేస్తే విండోస్ బూట్ కాదు. ముందు విండోస్‌ని సేఫ్ మోడ్‌కి సెట్ చేసి, అప్పుడు మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి మళ్లీ మామూలుకి తేవాలి.

డ్యూయల్ బూట్ పెట్టాక మర్నాడు విండోస్ తెరిస్తే గడియారం తప్పు చూపిస్తుంది. సరిగ్గా ఐదున్నర గంటలు వెనక. బ్యాటరీ పోయిందని షాపుకి పరిగెత్తకండి. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ గ్రీన్‌విచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. ఉదయం 10 గంటలకి తెరిస్తే తెల్లవారుజాము 4:30 కనిపించేది అందుకే. లైనక్స్ టెర్మినల్‌లో ఒక్క కమాండ్ చాలు.

(స్క్రీన్: "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" కమాండ్ టైప్ అవుతూ.)

ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్లకి ఇంకో మలుపు. బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లని ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వచ్చి పది సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఏదో ఒక కీ నొక్కి, "ఎన్‌రోల్ ఎమ్‌ఓకే" ఎంచుకుని, ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి. టీకి లేచి వెళ్లారా, అది దాటిపోతుంది. డ్రైవర్ డిస్క్ మీద ఉంటుంది కానీ లోడ్ కాదు, రెండో మానిటర్ వెలగదు, కారణం ఎక్కడా రాసి ఉండదు.

అన్నీ వేసుకున్నాక టైమ్‌షిఫ్ట్ తెరిచి మొదటి స్నాప్‌షాట్ తీయండి. అది సిస్టమ్‌ని మాత్రమే వెనక్కి తెస్తుంది, మీ ఫోటోలనీ ఫైళ్లనీ మామూలుగా లెక్కలోకి తీసుకోదు. వాటికి వేరే బ్యాకప్ ఉండాలి.

ఎస్‌ఎస్‌డీ దారి పట్టినవాళ్లు ఆ పాత డిస్క్‌ని ఫార్మాట్ చేసి ఎక్స్‌టర్నల్‌గా వాడేద్దామని తొందరపడొద్దు. మీద ముక్క టేపు అంటించి "విండోస్ 10" అని, తీసిన తేదీ రాసి బీరువాలో పెట్టండి. కాగితం మీద రాసిన ఏడాదికోసారి పనులన్నీ ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా అది అక్కడే ఉండాలి.